శుక్రవారం తప్ప అన్నీ ఉపవాసాలే

కాటోల్,
నవంబర్ 4

వైజయంతీ,

పార్సిల్ అందింది. గులాబీ రిబ్బన్ ముడి విప్పలేక కత్తిపీట తేవాల్సి వచ్చింది. లోపల నల్లటి ఉండలు ఇరవై నాలుగు, ఒక్కోదానికి ఒక కాగితపు గిన్నె, పైన నీ చీటీ: "పొయ్యి వెలిగించలేదు, పంచదార వేయలేదు, తిన్నామన్న బాధ ఉండదు." మొదటి రెండూ అర్థమయ్యాయి. మూడోది మీ పుట్టింటి వాళ్ళకు ఎన్నడూ లేదు కాబట్టి, దాన్ని తీసేసే శ్రమ నీకు తప్పింది.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి అనుకుంటావు. మీ అన్నయ్యకు చూపు తగ్గినప్పటి నుంచి చెవులు పెరిగాయి. నేను ఫోన్ ఎత్తానంటే చాలు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆయన గురించి ఆయన ముందే ఎలా మాట్లాడను?

సంగతి ఇదీ. రెండు కళ్ళలోనూ పొర ముదిరింది. మొన్న తోటలో కమలాపళ్ళు కోసేవాళ్ళకు వరస చూపిస్తానని బయల్దేరి నేరుగా బావి గట్టెక్కారు. నాగపూర్ డాక్టరమ్మ ఈ నెల 28న ఆపరేషన్ అంది, కానీ షుగర్ 180 లోపు ఉంటేనే కత్తి పడతానంది. ఇప్పుడు 310. ఇంకా జాప్యం చేస్తే పొర గట్టిపడి, కోసినా చూపు సరిగ్గా రాకపోవచ్చని కూడా చెప్పింది. అది విన్న రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు.

కాబట్టి నిజం చెప్పు. ఈ ఉండలు ఆయన తినొచ్చా? తినొచ్చంటే ఎలా చేయాలో రాయి. మన తోట పళ్ళు పుణె దాకా వెళ్ళి, తొక్క గీయించుకుని మళ్ళీ మనింటికే రావడం నాకు చూడబుద్ధి కావడం లేదు.

కోతలు నడుస్తున్నాయి, ఇంతకంటే తీరిక లేదు.
కుముద్ వదిన

*

పుణె,
నవంబర్ 9

వదినా,

ముందు దండం, తర్వాత దెబ్బలాట.

తినొచ్చా అని అడుగుతావా? తినమనే కదా పంపింది. ఒక్క గింజ పంచదార లేదు, ఒక్క చుక్క నెయ్యి లేదు. శనివారం శనివారం మా కాలనీలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు నా దగ్గర ఇవి నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఒకావిడ బ్యాంకు మేనేజరు. నువ్వేమో "నల్లటి ఉండలు" అంటున్నావు.

రాసుకో. గింజలు తీసిన ఖర్జూరాలు రెండు కప్పులు, గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు. బాదం, అక్రోట్ కలిపి కప్పున్నర, బరకగా తిప్పు, పిండి చేయకు. ఓట్స్ అరకప్పు. రెండు కమలాల తొక్క తురుము, ఒక కమలా రసం రెండు చెంచాలు. అన్నీ కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ఉండ చుట్టి, కొబ్బరి పొడిలో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టు. పొయ్యి జోలికి వెళ్ళకు. వెళ్ళావంటే పాకం పెడతావు, నీ సంగతి నాకు తెలియదా?

అన్నయ్య షుగర్ 310 ఎక్కిందంటే దానికి కారణం నీ పూరణ్‌పోళీ బొబ్బట్లు, వాటి మీద నువ్వు బోర్లించే నెయ్యి గిన్నె. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో పండగ లేని వారం లేదు. నేనేదో ఆడపడుచు నోటితో అంటున్నాననుకోకు, ప్రేమతోనే అంటున్నాను.

మావారు శ్రీపాద్ ఈ ఉండ తిని "మందు బాగుంది, రోజుకెన్ని సార్లు?" అన్నారు. ఆయన మాట పట్టించుకోకు, అరవై ఏళ్ళుగా వేయించిన వేరుశనగ తప్ప ఏదీ మెచ్చలేదు.

అన్నయ్య కళ్ళ గురించి నాకూ నిద్ర లేదు. ఆ మాట నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను.
నీ వైజూ

*

కాటోల్,
నవంబర్ 17

వైజూ,

చేశాను. మిక్సీ కాలింది. అక్రోట్‌కు కాదు, ఖర్జూరానికి కాలింది. బ్లేడు చుట్టూ బంకలా చుట్టుకుని కూర్చుంది, నేను మీట నొక్కి పెట్టాను, పొగ వచ్చింది. పొయ్యి అక్కర్లేదన్నావు, నిజమే, మిక్సీయే ఆ పని చేసింది. చివరికి రోట్లో వేసి దంచాను.

తొక్క తురుము అన్నావు గానీ పైపై రంగు మటుకే గీయాలని, లోపలి తెల్లటిది చేదని రాశావా? కమలాపళ్ళ మధ్య బతికే దానివి, నీకు తెలియకుండా ఉంటుందా అంటావు. మేము పళ్ళు వలుచుకు తింటాం తల్లీ, తొక్క గేదెకు వేస్తాం. నేను తొక్కంతా వేసి దంచాను. కోతకొచ్చిన మంగలాబాయి ఒకటి నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి మింగింది పాపం. సాయంత్రం దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఓట్స్ సంగతి చెప్పను. గుర్రం లేని ఇంట్లో దాణా ఎందుకని అడిగింది మా పాలమ్మాయి.

విచిత్రం ఏమిటంటే, మీ అన్నయ్య ఆ చేదు ఉండల్ని ఒక్కటి మిగల్చకుండా తిన్నారు. వంకాయ కూరలో ఉప్పు తగ్గితే ఇల్లెగిరేలా అరిచే మనిషి, చేదని ఒక్క మాట అనలేదు.

ఇంకో విశేషం. ఆయనకు భక్తి పుట్టింది. సోమవారం శివుడికి, గురువారం దత్తుడికి ఉపవాసం పట్టారు. ఆపరేషన్ సవ్యంగా జరగాలని మొక్కట. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క ఏకాదశి ఉండని మనిషి. నేను దేవుడి గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఓట్స్ ధాన్యం కదా, ఉపవాసంలో పనికిరాదంటున్నారు. ఏం చేయను?
కుముద్ వదిన

*

పుణె,
నవంబర్ 21

ప్రియమైన వదినా,

ఈ పార్సిల్‌లో నలభై ఎనిమిది ఉన్నాయి. ఇక నాలుగు రోజులకోసారి ఇన్నేసి పంపుతాను. ఓట్స్ తీసేసి రాజగిరా పేలాలు వేశాను, అదే, తోటకూర గింజల పేలాలు. ఖర్జూరం, గింజలు, కమలా, రాజగిరా, అన్నీ ఉపవాసంలో చెల్లేవే. నీ ఉత్తరం రాకముందే మార్చాను. ఎలా తెలిసిందని అడక్కు, చెప్పనని మాటిచ్చాను.

నువ్వు మాత్రం ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో వదినా. బరువులెత్తకు. రోలు జోలికి వెళ్ళకు, నీకేం తక్కువని ఆ దంచడం? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో. నేను ఎప్పుడో ఏదో అన్నాను, పూరణ్‌పోళీ గురించి, అవన్నీ మనసులో పెట్టుకోకు. మనుషులు ఉన్నప్పుడే మంచిగా ఉండాలి.

క్లాసులో ఈ వారం రాజగిరా ఉండలు నేర్పాను. "ఉపవాసపు అమృత ఉండలు" అని పేరు పెట్టాను. మా అన్నయ్య షుగర్ వీటితోనే దారికొస్తోందని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యాంకావిడ రాసుకుంది కూడా.

28న ఆపరేషన్ అవగానే చెప్పు.
ప్రేమతో, నీ వైజూ

*

కాటోల్,
నవంబర్ 30

వైజయంతీ,

ఆపరేషన్ జరగలేదు. షుగర్ 342.

నాగపూర్ దాకా వెళ్ళాం, ఆకుపచ్చ గౌను వేశారు, కంట్లో చుక్కలు వేశారు, వేలు గుచ్చి చూసి మళ్ళీ గౌను విప్పేశారు. "ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరమ్మ అందరి ముందు నన్నడిగింది. ఏం చెప్పను? రెండు వారాలుగా వారంలో ఒక్క రోజు తప్ప ఆయన నా వంట ముట్టడం లేదు. సోమవారం శివుడు, మంగళవారం గణపతి, బుధవారం విఠలుడు, గురువారం దత్తుడు, శనివారం మారుతి, ఆదివారం సూర్యుడు. పైగా మార్గశిరం రాకముందే మార్గశిర గురువారాల వ్రతం అడుగుతున్నారు. అది ఆడవాళ్ళ వ్రతమండీ అంటే, దేవుడికి ఆడా మగా ఏమిటి అన్నారు. అన్నం లేదు, రొట్టె లేదు, పూరణ్‌పోళీ మొహం చూడలేదు. అలాంటి మనిషికి షుగర్ నా వల్ల పెరిగిందంటే నేనెక్కడ చావను?

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఆయన హాయిగా పాట పాడుకున్నారు. దిగులు పడతారేమోనని నేను భయపడుతుంటే, ఆయనే నన్ను ఓదార్చారు. మళ్ళీ తేదీ డిసెంబర్ 20.

ఇక నీ ఉత్తరం. ప్రియమైన వదిననా? బరువులెత్తొద్దా? గోడ పట్టుకోనా? ముప్పై తొమ్మిదేళ్ళలో నువ్వు నన్ను ప్రియమైన అనడం ఇదే మొదలు. నాకేమైంది? నా పెళ్ళినాటి పైఠణీ చీర మీద నీ కన్నుందని తెలుసు గానీ, దానికోసం నన్ను ఇంత తొందరగా పంపించేయాలా? "ఉన్నప్పుడే మంచిగా ఉండాలి" అని రాశావు. నేను ఇంకా ఉన్నాను.

నీ అమృత ఉండల్లో ఏం కలుపుతున్నావో ఒకసారి చూసుకో.
కుముదిని

*

పుణె,
డిసెంబర్ 4

కుముద్ వదినకు,

నా ఉండల్లో ఏం కలిపానో చూసుకోవాలా? ఇరవై ఇద్దరు తింటున్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. నువ్వు రోట్లో దంచినప్పుడు బెల్లం ముక్క వేయలేదని దేవుడి పటం మీద చెయ్యి పెట్టి చెప్పగలవా? నీ చెయ్యి బెల్లం డబ్బా దాటి ముందుకు పోదు. చట్నీలో బెల్లం, పప్పులో బెల్లం, చివరికి కాకరకాయలోనూ బెల్లం. చెడ్డపేరు మాత్రం నాకు.

చెప్పనని మాటిచ్చాను గానీ ఇక చెబుతున్నాను. నీకు ఒంట్లో బాగాలేదని, గుండెలో ఏదో తేడా ఉందని డాక్టరు చెప్పాడని, నువ్వు బాగుండాలనే తాను ఉపవాసాలు పట్టానని అన్నయ్యే ఫోన్ చేశాడు. "కుముద్‌కు తెలిస్తే భయపడుతుంది, నువ్వు అనకు. ఉపవాసంలో చెల్లేలా ఉండలు చేసి పంపు, ఎక్కువే పంపు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి అరగంట ఏడ్చాను. ఆ ఏడుపుతోనే నీకు ప్రియమైన వదినా అని రాశాను. ఇక రాయనులే.

భార్య కోసం కడుపు మాడ్చుకుంటున్న మనిషి అన్నయ్య. నువ్వేమో నా చీర, నా పైఠణీ అంటూ కూర్చున్నావు. ఆ చీర జరీ నల్లబడి పదేళ్ళయింది, నాకెందుకు?

వైజయంతి

*

కాటోల్,
డిసెంబర్ 13

వైజూ,

నా గుండె బాగానే ఉంది. నీ ఉత్తరం చదివాక కాస్త అటూ ఇటూ అయింది గానీ, మళ్ళీ కుదురుకుంది.

నాతో ఆపరేషన్ మొక్కు అన్నారు. నీతో నా గుండె అన్నారు. ఒకే ఉపవాసానికి రెండు మొక్కులు. ఉత్తరం పక్కన పెట్టి కూర్చుని ఆలోచించాను. వారంలో ఆరు రోజులు ఆరుగురు దేవుళ్ళున్నారు. శుక్రవారం ఒక్కటే ఖాళీ. ఊళ్ళో సగం మంది ఉండేది శుక్రవారం సంతోషీమాత ఉపవాసమే కదా, ఆవిడ మీద ఈయనకు కోపమేమిటి?

రాత్రి దాకా ఆగలేదు. వరండాలో కూర్చుని ఉండ నములుతుంటే వెళ్ళి అడిగాను. "శుక్రవారం ఎందుకు వదిలేశారు?"

"ఆ రోజు పులుపు తగలకూడదు కదా" అన్నారు.

"అయితే?"

"ఉండలో కమలా ఉంటుంది." అనేశాక నోట్లో నమలడం ఆగింది.

నేను ఊరుకోలేదు. "నాకు మొక్కు అనీ, మీ చెల్లెలికి నా గుండె అనీ చెప్పి, తిండి కోసమా ఇదంతా? తీపి మీద అంత ప్రాణం పోతుంటే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను.

ఆయన చేతిలో సగం ఉండ పళ్ళెంలో పెట్టేశారు. "తీపి మొహం మొత్తి నెలైంది కుముద్. ఆ ఖర్జూరం వాసనకే కడుపులో తిప్పుతోంది. నీళ్ళతో మింగుతున్నాను."

"మరెందుకు మింగుతున్నారు?"

"డాక్టరమ్మ చెప్పిందిగా. షుగర్ తగ్గేదాకా కంటి మీద కత్తి పెట్టనని."

అదీ సంగతి వైజూ. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉండ లెక్క చెప్పాను. ఒక్కోదాంట్లో రెండు ఖర్జూరాలు, రోజుకు డజను ఉండలు. "పంచదార వేయకపోతేనేమమ్మా, ఖర్జూరమే పంచదార. ఒకటి తింటే చిరుతిండి, డజను తింటే మిఠాయి కొట్టు" అంది. నేను బెల్లం వేయలేదు, నువ్వు విషం కలపలేదు. మనిద్దరం ఒకరినొకరు తిట్టుకుంటుంటే ఆయన మధ్యలో కూర్చుని లెక్కపెట్టి మింగారు.

ఇంకొకటి నీకు తెలియాలి. మావగారి చూపు కమలా కొమ్మ గుచ్చుకుని పోయిందని కదా నీకు చెప్పారు. కాదట. ఊరి బయట గుడారం వేసి ఉచితంగా కళ్ళు కోశారట. నీకప్పుడు మూడేళ్ళు, మీ అత్తయ్య ఇంట్లో ఉన్నావు. ఈయనకు పదకొండు. తండ్రిని చెయ్యి పట్టుకుని గుడారంలోకి తీసుకెళ్ళింది ఈయనే. కట్టు విప్పాక రెండు కళ్ళూ చీము పట్టాయి. ఆ తర్వాత ఏడేళ్ళు, మావగారు పోయేదాకా, తోటలో ముందు ఈయన, కర్ర రెండో కొస పట్టుకుని వెనక ఆయన. "నేనే తీసుకెళ్ళాను కుముద్" అని నాలుగుసార్లు అన్నారు. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారి చెప్పలేదు.

ఉండలు పంపడం ఆపెయ్యి. 20వ తేదీ ఎలాగూ కుదరదు. బలవంతాన తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. ఏం చేయాలో తోచడం లేదు.
వదిన

*

పుణె,
డిసెంబర్ 18

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను.

నాన్న కర్ర నాకు గుర్తుంది. అదొక రైలాట అనుకునేదాన్ని. నన్నూ రైల్లో చేర్చుకోమని ఏడిస్తే అన్నయ్య నన్ను నాన్న వెనక చేర్చేవాడు, నేను ధోవతి పట్టుకుని కూత వేసేదాన్ని. అన్నయ్య ఒక్కసారీ నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. యాభై ఏడేళ్ళొచ్చాయి నాకు, సొంత ఇంటి సంగతి వదిన ఉత్తరం రాస్తే తెలిసింది.

శనివారం క్లాసులో ఖర్జూరం సంగతి చెప్పేశాను. రోజుకు ఒకటే, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగండి అన్నాను. మీ అన్నయ్యకు తగ్గిందన్నారుగా అని బ్యాంకావిడ నోటు పుస్తకం తెరిచి చూపించింది. తేదీ వేసి మరీ రాసుకుంది మహాతల్లి. తగ్గలేదండీ, పెరిగింది, నేను గొప్పకు చెప్పాను అన్నాను. ఎనిమిది మంది మానేశారు. శ్రీపాద్ మాత్రం ఆ రోజు మొదటిసారి ఒక ఉండ అడిగి తిన్నారు.

నన్ను రమ్మంటే వస్తాను. కానీ వస్తే అరుస్తాను, తర్వాత ఏడుస్తాను, అన్నయ్య ఇంకా బిగుసుకుపోతాడు. నాకు వాదించడం వచ్చు, ధైర్యం చెప్పడం రాదు. నీకూ రాదనుకో. ఏం చేస్తావు వదినా?

నీ గుండె గురించి చెప్పిన జాగ్రత్తలు వెనక్కి తీసుకోను. మెట్ల దగ్గర గోడ పట్టుకో.
వైజూ

*

కాటోల్,
జనవరి 9

వైజూ,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఒక కంటికి నల్లద్దం, రెండో కంటికి నీరు.

డిసెంబర్ 20న ఇద్దరం నాగపూర్ వెళ్ళాం, పరీక్షకే అని ఒట్టేసి తీసుకెళ్ళాను. ఉండలు ఆగాక షుగర్ 230కి దిగింది, జనవరి మొదటి వారానికి సరిపోతుందంది డాక్టరమ్మ. ఆయన మొహం తెల్లబోయింది. అప్పుడు నేను, నా కళ్ళు కూడా ఒకసారి చూడమన్నాను. ఊరికే అడగలేదు, ఈ మధ్య దీపం చుట్టూ గుడి కట్టినట్టు వెలుగు కనిపిస్తోంది, ఎవరికీ చెప్పలేదు. చూసింది. ఎడమ కంట్లో పొర మొదలైందట, తొందరేమీ లేదు, రెండేళ్ళు ఆగొచ్చంది. "ఆగను, నాది ముందు కోయండి" అన్నాను.

మీ అన్నయ్య వద్దన్నారు. మొదట మెల్లగా అన్నారు, తర్వాత హాలంతా వినిపించేలా అన్నారు. "నీకేమైనా పిచ్చా? రెండేళ్ళు ఆగొచ్చంటోందిగా." నేను వినలేదు. ఈ ఇంట్లో మొండితనం మీ పుట్టింటి వాళ్ళ సొత్తేమీ కాదు.

జనవరి 2న నాది అయింది. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను బయటికొచ్చేసరికి అక్కడే, అలాగే ఉన్నారు, మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఆ ఒక్కటే నిజమైన ఉపవాసం. మూడు రోజులు నాకు చుక్కలు వేసింది ఆయనే. సరిగ్గా కనిపించదు కదా, సగం చెంప మీద పడేవి. నాలుగో రోజు పొద్దున షుగర్ చూస్తే 168. నేను చెప్పకుండానే చొక్కా మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆరో తేదీన ఆయనకు ఒక కన్ను అయింది. రెండోది వచ్చే నెల. నిన్న కట్టు విప్పాక తోటలోకి వెళ్ళి, "తొడిమలు లాగి పీకారు, కత్తెరతో కోయమని చెప్పేవాళ్ళే లేరా?" అని మంగలాబాయిని తిట్టారు. ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆ తర్వాత చెట్ల మధ్య మూడు వరసలు ఒక్కరే నడిచారు. నన్ను రావద్దన్నారు. నేను వరండాలోనే ఉండిపోయాను.

ఒక్క సంగతి ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. లోపల బల్ల మీద పడుకోబెట్టి మొహం మీద గుడ్డ కప్పగానే నా కాళ్ళు ఎంత వణికాయంటే నర్సు వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. నేను చూడనే చూడని ఆ గుడారం కళ్ళ ముందుకొచ్చింది. లేచి వెళ్ళిపోతానని కూడా అన్నానట, డాక్టరమ్మ తర్వాత చెప్పింది. బయటికొచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకుని అడిగారు, నొప్పి వేసిందా, భయం వేసిందా అని. చీమ కుట్టినంత కూడా లేదండీ, పడుకుని లేచినట్టుంది అన్నాను.

ఆయన నమ్మారు. ఆరో తేదీన చెప్పులు విప్పి, ఆ మాట మీదే లోపలికి నడిచి వెళ్ళారు.

కుముద్ వదిన